ముల్లు ఆగిన చోటు

మా మేనల్లుడు ఈమధ్య ఫోన్ చేసి, "మావయ్యా, షార్ట్‌వేవ్ విందామనుకుంటున్నా. ఏ రేడియో కొనమంటావ్?" అని అడిగాడు. వాడికి పాతికేళ్ళు. వాడికి ఊహ తెలిసేనాటికే ఇళ్ళలో రేడియోలు అటకెక్కాయి. అలాంటివాడు ఆ మాట అడిగేసరికి నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత సంతోషమేసింది. చటుక్కున ఒక పేరు చెప్పబోయి ఆగాను. ఈ ప్రశ్నకి దాదాపు తొంభై ఏళ్ళుగా జవాబు మారుతూ వస్తోంది. అలా మారడానికి కారణాల్లో సగం విద్యుత్‌శాస్త్రంలో ఉన్నాయి, సగం రాజకీయాల్లో ఉన్నాయి. అవి చెప్పకుండా ఉట్టి మోడల్ నంబరు చెప్తే వాడికి పెద్దగా ఏమీ చెప్పనట్టే.

ఇది రాస్తుంటే నా బల్ల మీద మూడు రేడియోలున్నాయి. ఒకటి మా నాన్న 1970ల చివర్లో కొన్న ఫిలిప్స్ మూడు బ్యాండ్ల ట్రాన్సిస్టరు. రెండోది సోనీ ఐసీఎఫ్-ఎస్‌డబ్ల్యూ7600జీఆర్, మా పెదనాన్నగారబ్బాయి గల్ఫ్ నుంచి వస్తూ తెచ్చిపెట్టింది. మూడోది చైనావాళ్ళ టెక్సన్ పీఎల్-330, చొక్కా జేబులో పట్టేది. నాన్న రేడియోకి డయల్ ఉంది, ఎర్ర ముల్లు ఉంది. మిగతా రెంటికీ అంకెలు చూపించే తెర మాత్రమే ఉంది.

నాన్న రేడియో డయల్ మీద ఇంకో రెండు గుర్తులు కూడా ఉన్నాయి. ఒకటి అమ్మ పెట్టిన తిలకం చుక్క. ఇప్పుడది నల్లబడి గాజుకి అంటుకుపోయింది. రెండోది నాన్న పెన్సిలుతో గీసిన సన్నటి గీత. ఈ రెండు గుర్తుల సంగతి తర్వాత చెప్తాను. పాత రేడియో డయల్ ఒక దస్తావేజు లాంటిది. దాని మీద ఏ అంకెలున్నాయో, ఏవి లేవో, ఏ గీత ఎంత పొడవుందో చూస్తే, ఆ సెట్టు చేసినవాళ్ళూ చేయనిచ్చినవాళ్ళూ జనం ఏం వినాలనుకున్నారో తెలుస్తుంది. జనం నిజంగా ఏం విన్నారో తెలుసుకోవడం మాత్రం కష్టం.

పనికిరాని తరంగాలు

షార్ట్‌వేవ్ మొదట ఎవరికీ అక్కర్లేని సొత్తు. 1912లో అమెరికా రేడియో చట్టం చేసినప్పుడు, 200 మీటర్లకి పైనున్న తరంగాలని నౌకాదళానికీ కంపెనీలకీ ఉంచుకుని, అంతకంటే పొట్టివాటిని సరదాకి రేడియో నడిపే ఔత్సాహికుల మొహాన పారేశారు. పొట్టి తరంగాలు దూరం పోవని అప్పటి పెద్దల నమ్మకం. ఆ పారేసిన తరంగాలతోనే 1921 డిసెంబరులో అమెరికా ఔత్సాహికుల సంకేతాలు అట్లాంటిక్ దాటాయి. 1923 నవంబరులో ఇటూ అటూ మాట్లాడుకోవడం కూడా అయింది.

భూమికి ఎంతో ఎత్తున మొదలై ఇంకా ఎత్తుకి పాకే అయనోవరణం ఈ తరంగాలని అద్దంలా కిందికి వంచుతుంది. ఆ అద్దం పగలొకలా, రాత్రొకలా ఉంటుంది. మోటుగా చెప్పాలంటే, పగలు 10 మెగాహెర్ట్జ్‌కి పైనున్నవి బాగా వస్తాయి, పొద్దుగూకాక కిందివి బాగా వస్తాయి. సూర్యుడి మీద మచ్చలు పెరిగి తగ్గే పదకొండేళ్ళ చక్రాన్ని బట్టి కూడా ఇది మారుతుంది. అంచేత షార్ట్‌వేవ్ రేడియోకి ఒక్క బ్యాండ్ సరిపోదు. 49, 41, 31, 25, 19, 16 మీటర్లని పిలిచే మెట్లు అన్నీ అందుబాటులో ఉండాలి.

ఔత్సాహికులు కనిపెట్టిన దారిన త్వరలోనే సామ్రాజ్యాలు నడిచాయి. 1927లో ఐండ్‌హోవెన్ నుంచి ఫిలిప్స్ కంపెనీ డచ్చివారి ఈస్టిండీస్‌కి ప్రసారాలు మొదలుపెట్టింది. 1932 డిసెంబరులో బీబీసీ ఎంపైర్ సర్వీస్ మొదలైంది. అంత దూరం నుంచి వచ్చేదాన్ని పట్టుకోవడానికి శ్రోత దగ్గర ఏం ఉండాలన్నది అక్కడి నుంచి అసలు ప్రశ్న అయింది.

గీత ఎంత పొడవు?

ఇంట్లో పెట్టుకునే పెద్ద వాల్వు సెట్లలో షార్ట్‌వేవ్ 1930లలోనే వచ్చేసింది. చేత్తో మోసుకెళ్ళగలిగే షార్ట్‌వేవ్ రేడియో అంటే ముందు చెప్పుకోవలసింది అమెరికాలో జెనిత్ కంపెనీ 1942 మొదట్లో తెచ్చిన ట్రాన్స్ ఓషియానిక్. దాని వెనకున్న మనిషి కంపెనీ అధిపతి యూజీన్ మెక్‌డొనాల్డ్. 1925లో ఉత్తర ధ్రువ ప్రాంతానికి వెళ్ళిన ఒక యాత్రలో షార్ట్‌వేవ్ ఎంత దూరం పోతుందో స్వయంగా చూసినవాడు. పడవల పిచ్చి కూడా ఉన్నవాడు. నీళ్ళ మీద ఉన్నా వార్తలు వినాలన్నది ఆయన కోరిక. మూతపెట్టిన చేతిపెట్టెలా ఉండే ఆ వాల్వు రేడియోని మోయాలంటే కాస్త కండ ఉండాలి. యుద్ధం మూలాన కొద్ది నెలలకే తయారీ ఆపేశారు, యుద్ధం అయ్యాక మళ్ళీ మొదలెట్టి 1980ల ఆరంభం దాకా రకరకాల రూపాల్లో కొనసాగించారు. ట్రాన్సిస్టర్లతో చేసిన రాయల్ 1000 మోడల్ 1957లో వచ్చింది.

అందులో నాకు ముఖ్యంగా కనిపించేది బ్యాండ్‌స్ప్రెడ్. 49, 31, 25, 19, 16 మీటర్ల బ్యాండ్లకి ఒక్కోదానికి ఒక్కో మీట ఉండేది. ఒక మీట నొక్కితే ఆ ఒక్క బ్యాండే డయల్ పొడవునా పరుచుకుంటుంది. ఇది ఎందుకంత గొప్పో మా నాన్న రేడియో పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మా ఫిలిప్స్‌లో రెండో షార్ట్‌వేవ్ బ్యాండు రమారమి 7 నుంచి 22 మెగాహెర్ట్జ్ దాకా సాగుతుంది. డయల్ గీత పొడవు జానెడు కంటే తక్కువ. 25 మీటర్ల బ్యాండు వెడల్పు 500 కిలోహెర్ట్జ్. స్కేలు పెట్టి కొలిస్తే, ఆ బ్యాండంతా నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు. స్టేషన్లు 5 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి కాబట్టి, ఆ నాలుగు మిల్లీమీటర్లలో వంద స్టేషన్లకి చోటుంది. ముల్లే మిల్లీమీటరు మందం! మనకు కావలసిన స్టేషను దొరకడమంటే చీకట్లో సూదిలోకి దారం ఎక్కించడమే. మధ్యతరగతి భారతీయుడు కొనగలిగిన సెట్లు చాలావరకు ఇలాంటివే. జెనిత్ కొన్నవాడు మీట నొక్కి వినేవాడు, మావాళ్ళు ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు.

డయల్ మీద లేని అంకెలు

డయల్ పొడవు డబ్బుని బట్టి ఉంటే, డయల్ మీదకి ఏ అంకెలు ఎక్కాలన్నది కొన్నిచోట్ల ప్రభుత్వాన్ని బట్టి ఉండేది. జర్మనీలో నాజీలు అధికారానికొచ్చిన 1933లోనే జనం రేడియో పేరుతో వీఈ 301 అనే చవక సెట్టు తెచ్చారు. పేరులో ఉన్న 301 హిట్లర్ ఛాన్సలర్ అయిన జనవరి 30వ తేదీ. ధర 76 మార్కులు, అప్పటి మిగతా సెట్లతో పోలిస్తే బాగా తక్కువ. అందులో మీడియంవేవ్, లాంగ్‌వేవ్ ఉన్నాయి, షార్ట్‌వేవ్ లేదు. చవకగా చేయాలంటే కొన్ని తీసేయక తప్పదు, అది నిజమే. కాని ఇంటింటికీ రేడియో చేరాలనీ, దాంట్లో బెర్లిన్ గొంతే వినపడాలనీ కోరుకున్నవాళ్ళకి ఆ లోటు లోటుగా అనిపించి ఉండదు. 1939 సెప్టెంబరు 1న యుద్ధం మొదలైన రోజే విదేశీ స్టేషన్లు వినడాన్ని నేరం చేశారు. విన్నదాన్ని పదిమందికీ చెప్తే మరణశిక్ష దాకా పోవచ్చు. ఆ సంగతి గుర్తుచేసే చీటీలని రేడియో మీటకి తగిలించేవాళ్ళు.

సోవియట్ కథ ఇంకా చిత్రమైనది. అక్కడ షార్ట్‌వేవ్ తప్పనిసరి, అంత పెద్ద దేశానికి మాస్కో మాట చేరాలంటే వేరే దారి లేదు. కాని అదే దారిలో బీబీసీ, వాయిస్ ఆఫ్ అమెరికా, రేడియో లిబర్టీ కూడా వచ్చేవి. వాటి మీద రొద పోసే జామింగ్ కేంద్రాలు పెట్టారు. దాంతో పాటు దేశంలో అమ్మే సెట్లలో 25 మీటర్లకి దిగువ బ్యాండ్లు, అంటే 19, 16, 13 మీటర్లు లేకుండా చేశారు. పట్టపగలు దూరదేశాల స్టేషన్లు బాగా వచ్చేది అక్కడే. 1960లో లాట్వియా రాజధాని రీగాలో వీఈఎఫ్ ఫ్యాక్టరీ స్పీడోలా అనే అందమైన ట్రాన్సిస్టర్ రేడియో తయారు చేసింది. సోవియట్ దేశంలో షార్ట్‌వేవ్ ఉన్న చేతి రేడియో జనం చేతుల్లోకి విరివిగా వెళ్ళింది దానితోనే. దాని డయల్ కూడా 25 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. విదేశాలకి పంపిన సోవియట్ సెట్లలో మాత్రం ఆ బ్యాండ్లు ఉండేవి. చేయడం రాక మానేసింది కాదన్నమాట.

అక్కడి జనం ఏం చేశారంటే, కాయిళ్ళు విప్పి, చుట్లు తగ్గించి, లేని బ్యాండ్లని రేడియోలోకి ఎక్కించుకున్నారు. చేతిపని తెలిసిన కుర్రాళ్ళకి అది మంచి గిరాకీ. ఏ రేడియో మంచిదన్న ప్రశ్నకి అక్కడి జవాబు, ఏది విప్పి మార్చడం సులువో అది.

సిలోన్ కోసం

మన దగ్గర షార్ట్‌వేవ్ మీద అలాంటి నిషేధం ఏమీ లేదు. రేడియో ఉంచుకోవాలంటే పోస్టాఫీసులో ఏటేటా రుసుం కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980లలో గాని అది పోలేదు. అంతకు మించి, ఏ దేశం స్టేషను వింటున్నావని అడిగేవాడు లేడు. మనవాళ్ళని షార్ట్‌వేవ్ వైపు తోసింది రాజకీయం అనడం కంటే సినిమా పాట అనడం సబబు.

1952లో సమాచార ప్రసారశాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో వాటికి చోటు తగ్గించాడు, నిర్మాతలతో పేచీ వచ్చింది, పాటలు దాదాపు మాయమైపోయాయి. సరిగ్గా అదే సమయానికి సముద్రం అవతల రేడియో సిలోన్ చేతిలో బలమైన ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో మౌంట్‌బాటెన్ సేనల కోసం కొలంబో దగ్గర ఏకలలో కట్టిన రేడియో సీయాక్ కేంద్రం యుద్ధం తర్వాత సిలోన్ వాళ్ళకి దక్కింది. సైనికుల కోసం పెట్టిన ఆ యంత్రాలు బినాకా గీత్‌మాలా మోశాయి. ఇక్కడ రేడియోల దుకాణంలో కొనేవాడు ముందడిగే మాట, సిలోన్ వస్తుందా అని. వస్తుందంటే షార్ట్‌వేవ్ ఉన్నట్టు. ఆకాశవాణి తేరుకుని 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టింది. అప్పటికే సిలోన్ అలవాటు స్థిరపడిపోయింది.

తెలుగువాళ్ళకి సిలోన్ అంటే మీనాక్షి పొన్నుదురై గారి గొంతు. తమిళ యాస తొంగిచూసే ఆ తెలుగు, పాట కోరినవాళ్ళ పేర్లూ ఊళ్ళ పేర్లూ ఓపిగ్గా చదివే తీరు, మా తరం వాళ్ళెవరూ మర్చిపోలేదు. 1972లో ఆ సంస్థ పేరు శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అయింది. మా ఇంట్లో మాత్రం చివరిదాకా సిలోనే.

ఒంగోలు దగ్గర మా పల్లెలో మధ్యాహ్నం వంట ముగించి అమ్మ రేడియో ముందు కూర్చునేది. నాన్న పొద్దున్నే వార్తల కోసం ముల్లు తిప్పేసి పోతాడు. మళ్ళీ సిలోన్ వెతుక్కోవడం అమ్మకి పెద్ద తంటా. ఒకరోజు స్టేషను బాగా కుదిరినప్పుడు తిలకం సీసాలో పుల్ల ముంచి, ముల్లు ఆగిన చోట గాజు మీద చుక్క పెట్టేసింది. నాన్న ముందు కేకలేశాడు. తర్వాత తనూ ఓ పెన్సిలు గీత గీసుకున్నాడు, 15 మెగాహెర్ట్జ్ దాటాక. అది బీబీసీ.

ఆ పెన్సిలు గీత విలువ నాకు 1984 అక్టోబరు 31న తెలిసింది. నాకప్పుడు పదేళ్ళు. బడి మధ్యాహ్నమే వదిలేశారు, ఎందుకో చెప్పలేదు. ఇంటికొచ్చేసరికి అరుగు మీద పదిమంది ఉన్నారు. నాన్న రేడియోని ఒళ్ళో పెట్టుకుని, చెవి ఆనించి, ముల్లుని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతున్నాడు. ఇందిరాగాంధీ మీద కాల్పులు జరిగాయని అప్పటికే తెలిసింది. ఆవిడ ఉన్నదా పోయిందా అన్నది ఆకాశవాణి సాయంత్రం దాకా చెప్పలేదు. బీబీసీ ముందే చెప్పింది. నాన్న తలెత్తి, "పోయిందిట" అన్నాడు. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రమే. ఆ ఒక్క ముక్కా అర్థం చేసుకోవడానికి ముల్లు ఎంతసేపు తిప్పాడో!

అదే రోజు బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్‌గాంధీ కూడా సంగతి రూఢి చేసుకోవడానికి ట్రాన్సిస్టర్‌లో బీబీసీయే విన్నాడని తర్వాత చదివాను. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, ఎమర్జెన్సీలో బీబీసీ ప్రతినిధి మార్క్ టల్లీ ఈ దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఆ తల్లి ప్రభుత్వం పంపించేసిన సంస్థ నుంచి ఆ కొడుకు వార్త వినవలసి వచ్చింది.

లేని స్టేషన్లు వినిపించే రేడియో

మా ఇంట్లో సిలోన్ రెండుచోట్ల వచ్చేది. అమ్మ చుక్క దగ్గర ఒకటి, దానికి కాస్త ఎడమగా ఇంకొకటి, నీరసంగా. అమ్మ దాన్ని చిన్న సిలోన్ అనేది. మా రేడియో అంత గొప్పదని నాకు గర్వంగా ఉండేది. అది గొప్ప కాదనీ, లోపమనీ పాతికేళ్ళొచ్చాక తెలుసుకున్నాను.

1918లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన సూపర్‌హెటరోడైన్ పద్ధతిలో, రేడియో లోపల ఒక చిన్న ఆసిలేటర్ ఉంటుంది. మనం 11,905 కిలోహెర్ట్జ్ మీద ముల్లు పెడితే అది 12,360 దగ్గర మోగుతుంది. రెంటికీ తేడా 455. రేడియో నిజంగా వినేది ఎప్పుడూ ఆ 455నే. చిక్కెక్కడంటే, ఆసిలేటర్‌కి 455 కిందున్న స్టేషన్‌కీ, 455 పైనున్న స్టేషన్‌కీ తేడా ఒకటే. ముందున్న జల్లెడ బలంగా లేకపోతే రెండూ లోపలికి వచ్చేస్తాయి. కాబట్టి 11,905లో ఉన్న సిలోన్, ముల్లు 910 కిందికి, అంటే 10,995కి జరిపినా మళ్ళీ పలుకుతుంది. చిన్న సిలోన్ అదీ!

రేడియోలు పోల్చేటప్పుడు కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు ఇదే. ఎన్ని స్టేషన్లు వస్తాయని లెక్కపెడతారు. చవక రేడియో ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టి చూపిస్తుంది. వచ్చినవాటిలో ఎన్ని నిజమైనవో, పక్కపక్కనున్న రెంటిని విడదీయగలదో లేదో, ఇవాళ దొరికింది రేపు అదే చోట దొరుకుతుందో లేదో చూడాలి.

ఈ మూడిటికీ ఒకేసారి జవాబిచ్చినవి 1980లలో సోనీ తెచ్చిన సెట్లు. 1980 నాటి ఐసీఎఫ్-2001లో ముల్లు బదులు అంకెల మీటలు పెట్టారు. 1985లో వచ్చిన 2001డీ, అమెరికాలో దాని పేరు 2010, చాలామంది శ్రోతలకి ఇప్పటికీ కొలబద్ద. స్టేషన్లు గుర్తుపెట్టుకోవడానికి ఒక్కోదానికి ఒక్కో మీట చొప్పున 32 మీటలుండేవి. అన్నిటికంటే ముఖ్యం సింక్రనస్ డిటెక్టర్. దూరం నుంచి వచ్చే తరంగం గాల్లో తేలిపోతూ వంకర్లు పోతుంటే, రేడియో తనే ఒక స్థిరమైన తరంగం తయారుచేసి దాని ఆసరాతో మాట నిలబెడుతుంది. పక్క స్టేషన్ అరుపు ఒకవైపే ఉంటే, రెండోవైపు సగాన్ని మాత్రం తీసుకుని వినిపిస్తుంది. నా దగ్గరున్న 7600జీఆర్ 2001లో వచ్చిన దాని తమ్ముడు. ఇందులో మొదటి మార్పు 55.845 మెగాహెర్ట్జ్‌కి జరుగుతుంది, దాంతో ఆ దొంగనీడ 111 మెగాహెర్ట్జ్ అవతల పడుతుంది. చిన్న సిలోన్‌కి ఇందులో చోటు లేదు.

పోల్చి కొనేవాళ్ళకి పుస్తకాలు కూడా ఉండేవి. డెన్మార్క్‌లో 1947లో మొదలైన వరల్డ్ రేడియో టీవీ హ్యాండ్‌బుక్ స్టేషన్ల పంచాంగం. అమెరికాలో లారీ మాగ్నీ 1984 నుంచి 2009 దాకా ఏటా తెచ్చిన పాస్‌పోర్ట్ టు వరల్డ్ బ్యాండ్ రేడియో, సెట్లకి చుక్కలిచ్చి వరసలు కట్టేది. అందులో ఏ రేడియోకెన్ని చుక్కలొచ్చాయో చూసి ఉవ్విళ్ళూరడమే తప్ప అప్పట్లో కొనగలిగింది లేదు. నేను 2001డీని ముట్టుకోనైనా లేదు.

అదే కాలంలో ఇంకో సంఘటన. 1991 ఆగస్టులో గోర్బచేవ్‌ని క్రిమియాలోని ఫోరోస్ విడిదిలో నిర్బంధించి, టెలిఫోన్లు కోసేశారు. ఆయన పరివారం నౌకర్ల గదుల్లో పడున్న పాత రేడియోలని పట్టుకొచ్చి, ఏరియల్ కట్టి, బయట ఏం జరుగుతోందో విన్నారు. విడుదలయ్యాక, బీబీసీ అన్నిటికంటే బాగా వినిపించిందని ఆయనే చెప్పాడు. జామింగ్ ఆగి అప్పటికి మూడేళ్ళే. ఏ దేశపు డయల్ 25 మీటర్ల దగ్గర ఆగిపోయిందో ఆ దేశాధినేతకి ఆ వేళ దిక్కయింది షార్ట్‌వేవే.

మంచి రేడియోలు, ఖాళీ బ్యాండ్లు

2000ల చివర్లో సిలికాన్ ల్యాబ్స్ అనే కంపెనీ రేడియో మొత్తాన్నీ గోటికంటే చిన్న చిప్పులో పెట్టేసింది. కాయిళ్ళు, జల్లెడలు చేసే పని లెక్కలతో జరిగిపోతుంది. ఆ బాపతు చిప్పులతో చైనా కంపెనీలు చేసిన సెట్లు, ఒకప్పటి సోనీ ధరలో చిన్న ముక్కకే దొరుకుతాయి. నా పీఎల్-330 అలాంటిదే. పాత నోకియా ఫోన్ల బ్యాటరీతో నడుస్తుంది. స్టేషను ఎంత వెడల్పున వినాలో అరడజను మెట్లలో మార్చుకోవచ్చు. ఆ విషయంలో సోనీ కంటే నయం. కాని మీట తిప్పుతుంటే మెట్టు మెట్టుకీ గొంతు నొక్కినట్టు ఆగి ఆగి పలుకుతుంది. నాన్న రేడియోలో ముల్లు జారుతుంటే ఒక స్టేషను లోంచి ఇంకోదానిలోకి నడిచి వెళ్ళినట్టుండే ఆ అనుభవం ఇందులో లేదు. బలహీనమైన స్టేషను మీద సింక్రనస్ డిటెక్టర్ పట్టు నిలవదు. అక్కడ సోనీదే పైచేయి.

ఇప్పుడు పోలికలో రేడియో కంటే ముందు ఇంటిని చూడాలి. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్లు అన్నీ షార్ట్‌వేవ్ మీద రొద పోస్తాయి. మా ఫ్లాట్ హాల్లో మూడు రేడియోలూ ఒకేలా బుస కొడతాయి. డాబా మీదకెళ్ళి పది మీటర్ల తీగ కడితే, నాన్న ఫిలిప్స్ కూడా హాల్లోని సోనీని ఓడిస్తుంది. వేలు పోసి సెట్టు మార్చే ముందు వంద రూపాయల తీగ కొనమని నేనందరికీ చెప్పేది అందుకే.

విషాదం ఏమిటంటే, మంచి రేడియో అందరికీ అందుబాటులోకొచ్చే వేళకి స్టేషన్లు వెళ్ళిపోవడం మొదలైంది. బీబీసీ 2001లో ఉత్తర అమెరికాకి షార్ట్‌వేవ్ ఆపేసింది. స్విస్ రేడియో 2004లో, నెదర్లాండ్స్, కెనడా 2012లో, ఆస్ట్రేలియా 2017 జనవరిలో మానుకున్నాయి. 1940లో మొదలైన బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020 జనవరి 31న ముగిసింది. మన హైదరాబాదు ఆకాశవాణిని 4,800 కిలోహెర్ట్జ్ మీద వినేవాళ్ళం, అదీ లేదు. 2025 మార్చిలో వాయిస్ ఆఫ్ అమెరికా చాలావరకు మూగబోయింది. ఇంటర్నెట్ ఉండగా ఇదంతా దేనికన్నది అందరూ చెప్పిన కారణం.

ఆ కారణం ఎంతవరకు నిలుస్తుందో 2022లో తెలిసింది. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైన కొద్దిరోజులకే బీబీసీ మళ్ళీ 15,735, 5,875 కిలోహెర్ట్జ్‌ల మీద రోజుకి నాలుగు గంటలు ఇంగ్లీషు వార్తలు పంపింది. 2023లో సూడాన్ అంతర్యుద్ధంలోనూ అరబిక్‌లో అదే పని చేసింది. టవర్లు కూలినప్పుడూ, కేబుళ్ళు తెగినప్పుడూ, ప్రభుత్వమే నెట్ కట్టేసినప్పుడూ వార్తలకి ఇదో దారి. అప్పటికప్పుడు ప్రసారం మళ్ళీ మొదలెట్టచ్చు. అవతల వినేవాడి దగ్గర రేడియో లేకపోతే లాభం లేదు.

ఇంతకీ ఏది కొనాలి?

మేనల్లుడికి చివరికి చెప్పింది ఇది. ముందు ఒక చిన్న డీఎస్‌పీ సెట్టు కొను, పీఎల్-330 లాంటిది. 49 మీటర్ల నుంచి 13 మీటర్ల దాకా మధ్యలో ఖాళీ లేకుండా ఉందో లేదో చూడు. అంకెల మీటలుంటే మంచిది. ఎస్‌ఎస్‌బీ ఉంటే హైదరాబాదులో ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ లాంటిచోట తయారయ్యే హ్యాములు మాట్లాడుకునేది కూడా వినగలవు. తీగ కట్టు. సాయంత్రం ఆరు తర్వాత డాబా ఎక్కు. ఆరు నెలల తర్వాత కూడా ఆసక్తి ఉంటే అప్పుడు పాత సోనీ కోసం వెతుకు. కొనేముందు బ్యాటరీ అర తీసి చూడు. నా సోనీని నేనే బ్యాటరీలు లోపలే ఉంచి రెండేళ్ళు మర్చిపోయి సగం పాడుచేశాను.

"ఫోన్‌లో అన్నీ వస్తాయి కదా అంటున్నారు మా ఫ్రెండ్స్" అన్నాడు వాడు. వస్తాయి. కాని ఏం విన్నావో, ఎంతసేపు విన్నావో ఫోన్‌కి తెలుస్తుంది. దాని ద్వారా ఇంకెవరికో తెలుస్తుంది. రేడియో వినేవాడు గాల్లోంచి తీసుకుంటాడు, ఆనవాలు వదలడు. నాజీలు మీటకి చీటీ కట్టినా, సోవియట్లు అంకెలు చెరిపేసినా, గదిలో చెవి ఆనించి వినేవాణ్ణి ప్రసారకేంద్రం నుంచి కనిపెట్టే మార్గం లేకపోబట్టే అన్ని తంటాలు పడ్డారు.

పూర్తిగా ఆనవాలు ఉండదని కూడా అనలేం. మొన్న ఓ రాత్రి నాన్న ఫిలిప్స్‌ని డాబా మీదకి తీసుకెళ్ళి, ముల్లుని సరిగ్గా అమ్మ చుక్క కిందకి తెచ్చాను. పక్కన సోనీ పెట్టాను. ఫిలిప్స్ లోపలి ఆసిలేటర్ మోత కొద్దిగా బయటికి వస్తుంది, దగ్గరున్న ఇంకో రేడియోలో అది నిశ్శబ్దపు గీతలా వినపడుతుంది. చుక్క ఎడమ అంచున అది 12,300 దగ్గర దొరికింది, కుడి అంచున 12,420 దగ్గర. రెంట్లోంచీ 455 తీసేస్తే 11,845, 11,965. సిలోన్ చాలా ఏళ్ళు వాడిన 11,905 వాటి నడుమే ఉంది. ఇన్నేళ్ళకీ చుక్క జరగలేదు, లోపలి దారం సాగలేదు.

సోనీని 11,905 మీద పెట్టి కాసేపు విన్నాను. రొద తప్ప ఏం లేదు. అమ్మ ఏయే పాటలు కోరుకునేదో, ఎవరి పేర్లు చదివినప్పుడు నవ్వుకునేదో నేను అడగలేదు, ఇప్పుడు అడగడానికి లేదు. ఆ రేడియోకి అవేవీ తెలియవు. ఆ చుక్క లేకపోతే, ముల్లు ఎక్కడ ఆగేదో నాకూ తెలిసేది కాదు.